చవక బ్లెండెడ్ స్కాచ్‌లలో ఏది ఎవరికి: రుచి చూసి తేల్చుకునే పద్ధతి

జానీ వాకర్ రెడ్ లేబుల్‌ని ఏమీ కలపకుండా తాగి గొంతు మండిపోయిందనేవాళ్లున్నారు, అదే రెడ్ లేబుల్‌ని చల్లటి సోడాలో తాగి భలే ఉందనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చెప్పేది నిజమే. తక్కువ ధర బ్లెండెడ్ స్కాచ్‌లో, అంటే రకరకాల విస్కీలు కలిపిన స్కాట్లండ్ విస్కీలో, ఒక్కో సీసా ఒక్కో రకం వాడకానికి నప్పుతుంది. అన్నింటికీ నప్పేది ఈ ధరలో దాదాపు దొరకదు. అందుకే ఏది మంచిదని వెతికేముందు గ్లాసులో ఏం కలుపుకుంటారో తేల్చుకోవాలి: ఏమీ కలపరా, కాసిని నీళ్లా, ఐసా, సోడానా, కోలానా? కోలా అయితే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. దాని తీపి, మసాలా ఘాటు కలిసి సీసాల మధ్య తేడాను మింగేస్తాయి. దొరికినవాటిలో చవకది కొనుక్కోవడమే మేలు. మిగతావాళ్ల కోసమే ఈ వివరాలు.

లేబుల్ మీద చూడాల్సింది, చూసీ చూడనట్టు వదిలేయాల్సింది

2009 నాటి స్కాచ్ విస్కీ రెగ్యులేషన్స్ ప్రకారం స్కాచ్ అయిదు రకాలు: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్. ఇక్కడ మాట్లాడుకుంటున్నది చివరిదాని గురించి. మొలకెత్తించిన బార్లీతో రాగి పాట్ స్టిల్స్‌లో (విడతలవారీగా కాచే కుండ బట్టీల్లో) కాచిన మాల్ట్ విస్కీ, ఎక్కువగా గోధుమతోనో మొక్కజొన్నతోనో కాలమ్ స్టిల్స్‌లో (ఆగకుండా నడిచే ఎత్తైన గొట్టపు బట్టీల్లో) తీసిన గ్రెయిన్ విస్కీ, ఈ రెండూ కలిస్తే బ్లెండెడ్ స్కాచ్. లేబుల్ మీద 'బ్లెండెడ్ మాల్ట్' అని ఉంటే అది వేరే సరుకు. మంకీ షోల్డర్ అలాంటిదే, అందులో గ్రెయిన్ విస్కీ ఉండదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

స్కాచ్ స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఊరాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీళ్లు, మామూలు క్యారమెల్ రంగు తప్ప ఇంకేదీ కలపకూడదు. లేబుల్ మీద వయసు వేస్తే అది అందులో కలిసిన అన్నిటికంటే చిన్న విస్కీ వయసు, సగటు కాదు. వయసు వేయకపోతే మూడేళ్లకు పైబడిందని మాత్రమే అర్థం. చవక బ్లెండ్‌లలో దాదాపు అన్నీ ఇలా వయసు చెప్పనివే. బెల్స్ 1994లో 8 ఏళ్ల అంకె వేసుకుని, 2008లో తీసేసింది. లేబుల్ మీద కనిపించే ప్రతి అంకే వయసు కాదు కూడా. వాట్ 69 అంటే 1882లో లీత్‌లో విలియం శాండర్సన్ తయారుచేయించిన దాదాపు నూరు మిశ్రమాల్లో అందరూ మెచ్చిన పీపా నంబరు. 100 పైపర్స్‌లోని నూటికీ వయసుకీ సంబంధమే లేదు. 'ఫైనెస్ట్', 'రేర్', 'స్పెషల్' లాంటి మాటలకు చట్టంలో నిర్వచనం లేదు కాబట్టి వాటిని చదవకుండా వదిలేయొచ్చు.

రంగు కూడా అంతే. ముదురు రంగు చూసి బాగా ఊరిందనుకుంటే పొరపాటు. ప్రతి విడతా ఒకేలా కనబడాలని క్యారమెల్ కలుపుతారు. గ్లాసు గోడ మీద మెల్లగా జారే చారలు ఆల్కహాల్ ఎంత ఉందో చెబుతాయి తప్ప నాణ్యతను చెప్పవు.

నిజంగా చూడాల్సింది ఆల్కహాల్ శాతం. అమ్మే దేశాన్ని బట్టి ఒకే బ్రాండు 40, 42.8, 43 శాతాల్లో దొరుకుతుంది. సింగిల్ మాల్ట్‌ని 2012 నుంచి స్కాట్లండ్‌లోనే సీసాల్లో నింపాలి. బ్లెండెడ్ స్కాచ్‌కి ఆ షరతు లేదు, ట్యాంకుల్లో పంపించి వేరే దేశంలో నింపుకోవచ్చు. ఒకటి 40, ఇంకొకటి 43 శాతం ఉన్న సీసాలను పోలిస్తే బలమైనదే చిక్కగా, రుచిగా అనిపిస్తుంది. అది న్యాయమైన పోటీ కాదు. 43 శాతం విస్కీ 20 మి.లీ.లో ఒకటిన్నర మి.లీ. నీళ్లు కలిపితే 40కి దిగుతుంది. ముందు ఆ పని చేసి తర్వాత పోల్చండి.

చవక బ్లెండ్‌లో అసలు పరీక్ష గ్రెయిన్ విస్కీకే

మాల్ట్, గ్రెయిన్ ఏ నిష్పత్తిలో కలుపుతారో కంపెనీలు మామూలుగా బయటపెట్టవు. ఈ ధరలో గ్రెయిన్ వాటా సగానికి మించి ఉంటుందనుకోవచ్చు. టీచర్స్ మాత్రం తన దాంట్లో మాల్ట్ 45 శాతం దాకా ఉంటుందని చెప్పుకుంటూ వచ్చింది. పాట్ స్టిల్‌లో రెండుసార్లు కాచిన మాల్ట్ స్పిరిట్ దాదాపు 70 శాతం బలంతో, ధాన్యపు వాసనతో, నూనెదనంతో బయటికి వస్తుంది. కాలమ్ స్టిల్‌లో స్పిరిట్ 94 శాతం దాకా పోతుంది. చట్టం పెట్టిన గీత 94.8. అంత బలానికి తీసేసరికి ధాన్యం రుచి చాలావరకు స్టిల్‌లోనే పోతుంది. మిగిలిన తేలికపాటి స్పిరిట్‌కి రుచి పీపా నుంచే రావాలి. పన్నెండేళ్లు ఊరితే వెనిలా, కొబ్బరి, మెత్తటి తీపి వస్తాయి. మూడు నాలుగేళ్లకే తీసేస్తే పచ్చి స్పిరిట్ ఇంకా పైపైనే కనబడుతుంది.

ఆ పచ్చిదనం ఎలా ఉంటుందో ఒకసారి పసిగడితే ఆ తర్వాత ప్రతి గ్లాసులోనూ గుర్తుపట్టొచ్చు. ముక్కుకు నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం లాంటి వాసన, తడిసిన అట్టపెట్టె వాసన. నాలుక మీద తీపి ఒక్క క్షణం మెరిసి, వెంటనే మధ్యలో ఖాళీ. గొంతులో మిరియాల మంట లాంటిది, కాకపోతే దాని వెనక రుచి ఉండదు. చివర చేదు ఒక్కటే మిగులుతుంది. తక్కువ ధరలో మంచి బ్లెండ్ అంటే ఈ పచ్చిదనాన్ని ఏదో ఒకదానితో కప్పగలిగింది. కొందరు పీట్ (చిత్తడినేలల్లో తవ్వి ఎండబెట్టి కాల్చే మట్టిగడ్డ) పొగతో కప్పుతారు, కొందరు షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఊరిన పీపాల ఎండుద్రాక్ష తీపితో, కొందరు కొత్త ఓక్ చెక్క ఘాటుతో. ఇంకొందరు కప్పకుండా మొత్తం తేలిక చేసేస్తారు. ఎంపిక చేసుకునేటప్పుడు తూచాల్సింది ఈ ఉపాయాలనే. మీరు తాగే పద్ధతిలో ఏ ఉపాయం నిలబడుతుంది, ఏది కరిగిపోతుంది?

పోల్చడానికి కావలసినవి

సీసాలు మూడు చాలు, నాలుగోదానికి ముక్కు అలిసిపోతుంది. నిండు సీసాలు కొనక్కర్లేదు. 50 మి.లీ. మినియేచర్ దొరికితే అందులో 20 మి.లీ. చొప్పున రెండు విడతలు వస్తాయి. ఒక్కో గ్లాసులో 20 మి.లీ. చొప్పున మూడు పోస్తే 60 మి.లీ., 40 శాతం లెక్కన అసలు ఆల్కహాల్ 24 మి.లీ. 10 మి.లీ. అసలు ఆల్కహాల్‌ని ఒక యూనిట్ అనే బ్రిటన్ లెక్కలో అది 2.4 యూనిట్లు. ఒక పూటకు అంతకంటే అవసరం లేదు. ఉమ్మేయడానికి పక్కన ఒక కప్పు పెట్టుకుంటే ఇంకా మంచిది.

గ్లాసు అడుగున ఉబ్బుగా, మూతి దగ్గర సన్నగా ఉండాలి. 2001లో వచ్చిన గ్లెన్‌కెర్న్ గ్లాసు ఆ అవసరానికే చేశారు. లేకపోతే చిన్న వైన్ గ్లాసు అయినా సరిపోతుంది. వెడల్పు మూతి టంబ్లర్ ఐస్ వేసుకుని తాగడానికి బాగుంటుంది గానీ పోలికకు పనికిరాదు, వాసన అంతా పక్కలకు పోతుంది. మూడు గ్లాసులూ ఒకే రకంవి కావాలి. కడిగాక సబ్బు వాసన, అలమారా వాసన ఉందేమో ఖాళీ గ్లాసులోనే చూసుకోవాలి. చాలామంది విస్కీలో ఉందనుకునే మురికి వాసన నిజానికి బోర్లించి పెట్టిన గ్లాసులో ఉంటుంది. అనుమానం ఉంటే వేడినీళ్లతో తొలిచి, గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే గుడ్డ వాసన అంటుకుంటుంది.

నీళ్లు ఖనిజాలు తక్కువున్న సీసా నీళ్లు, గది ఉష్ణోగ్రతలోనే. క్లోరిన్ వాసన ఉన్న కుళాయి నీళ్లు పీట్ పొగను మందు వాసనగా మార్చేస్తాయి, తేలికపాటి బ్లెండ్‌నైతే చంపేస్తాయి. కొలవడానికి 5 మి.లీ. చెంచా ఒకటి. పళ్లు తోముకుని గానీ, కాఫీ తాగి గానీ, కారంగా తిన్నాక గానీ గంట లోపు మొదలుపెట్టొద్దు. సెంటు పూసుకున్నవాళ్లు ఆ గదిలో ఉన్నా కష్టమే.

అన్నిటికంటే ముఖ్యం, ఏ గ్లాసులో ఏముందో తాగేవాళ్లకు తెలియకూడదు. పోసేవాళ్లు వేరే ఉండి, గ్లాసు అడుగున నంబరు రాయాలి. ధర తెలిస్తే నాలుక అబద్ధం చెబుతుంది. పొగ ఉందని ముందే తెలిసిన సీసా ఒకటి ఉంటే దాన్ని మాత్రం చివర పెట్టమనాలి. పొగ ముందు తగిలితే తర్వాతి గ్లాసులు నీరసంగా అనిపిస్తాయి.

వాసన, గుక్క, నీళ్లు

పోశాక మూడు నాలుగు నిమిషాలు వదిలేస్తే చాలు. పాత సింగిల్ మాల్ట్‌కిచ్చినంత సమయం దీనికి అక్కర్లేదు, ఎక్కువసేపు వదిలితే ఉన్న కాస్త వాసనా పోతుంది. ముక్కును గ్లాసులో దూర్చొద్దు. గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, చిన్నచిన్నగా పీల్చాలి. నోరు మూసుకుని గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ ఒక్కసారిగా తగిలి, తర్వాత రెండు నిమిషాలు ముక్కు పనిచేయదు. మూడు గ్లాసులూ వరసగా వాసన చూసి, ఒక్కోదానికి ఒకే ఒక్క మాట రాసుకోవాలి: యాపిల్, పొగ, తేనె, గడ్డి, అట్ట, వెనిలా. పది మాటలు రాయాలని కూర్చుంటే లేనివి కూడా దొరుకుతాయి.

మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోవద్దు. ఆల్కహాల్‌కి నాలుక అలవాటుపడటానికి అది ఖర్చవుతుంది. రెండో గుక్క చెంచాడు కంటే తక్కువ తీసుకుని, అయిదారు సెకన్లు నోట్లో తిప్పి మింగి, ముక్కుతో ఊపిరి వదలాలి. అప్పుడు మనసులో సెకన్లు లెక్కపెట్టండి. మంట కాదు, రుచి ఎంతసేపు ఉంది? చవక బ్లెండ్‌లలో తేడా ఎక్కువగా బయటపడేది ఇక్కడే. అయిదు సెకన్లకే రుచి పోయి మంట ఒక్కటే మిగిలితే ఆ సీసా ఏమీ కలపకుండా తాగడానికి కాదు. పదిహేను సెకన్లు నిలిస్తే ఈ ధరకు చాలా మంచిది. 'స్మూత్‌గా ఉంది' అనే మాట మాత్రం రాసుకోవద్దు, అది ఏ సీసాకైనా అతుకుతుంది.

ఇప్పుడు నీళ్లు. 20 మి.లీ. విస్కీలో ఒక చెంచా, అంటే 5 మి.లీ. పోస్తే 40 శాతం 32కి దిగుతుంది. నాలుగు చెంచాలు పోస్తే 20 శాతం. విస్కీ కంపెనీల్లో మిశ్రమాలు తయారుచేసే బ్లెండర్లు నమూనాలను దాదాపు ఈ 20 శాతానికే దించి, నోటితో కంటే ముక్కుతోనే ఎక్కువ పనిచేస్తారు. ఎందుకంటే ఆల్కహాల్ ఘాటు తగ్గితే దాని వెనక దాక్కున్న లోపాలు, గుణాలు రెండూ బయటికొస్తాయి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో దీని వెనక ఒక కారణం చూపించారు. పొగ వాసననిచ్చే గ్వయాకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ ఎక్కువున్నప్పుడు ద్రవం లోపలే ఉండిపోయి, పలచబడేకొద్దీ పైకి, గాలి తగిలే చోటికి చేరుతుందట. పొగ ఉన్న బ్లెండ్‌లో ఒక చెంచా నీళ్లు పోసి చూస్తే ఇది ముక్కుకే తెలుస్తుంది.

32 శాతం దగ్గర ఒకసారి, 20 దగ్గర ఒకసారి మూడు గ్లాసులనూ మళ్లీ చూడాలి. కొన్ని సీసాలు ఏమీ కలపనప్పుడు కరుకుగా ఉండి 32 దగ్గర పండ్ల వాసనతో విచ్చుకుంటాయి. కొన్ని ఒక్క చెంచాకే నీళ్లపాలవుతాయి, నోట్లో తడి అట్ట రుచి మిగులుతుంది. నీళ్లు కలుపుకునే అలవాటున్నవాళ్లు ఈ రెండో రకాన్ని అక్కడే పక్కన పెట్టేయొచ్చు. కాల్చిన అగ్గిపుల్ల వాసనో, ఉడికిన క్యాబేజీ వాసనో వస్తే అది గంధకం. పది నిమిషాల్లో పోతే పట్టించుకోనక్కర్లేదు, పోకపోతే ఆ సీసా వద్దు.

చివర ఒక చిన్న పరీక్ష. రెండు సీసాల మధ్య తేడా ఉందనిపిస్తే మూడు గ్లాసులు పెట్టించండి, రెండింట్లో ఒకే విస్కీ, మూడోదానిలో రెండోది. ఒక్కోదానిలో 10 మి.లీ. విస్కీ, 10 మి.లీ. నీళ్లు. వేరేదాన్ని వాసనతోనే పట్టుకోవాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు సరిపోతుంది కాబట్టి గ్లాసుల స్థానాలు మార్పించి మూడుసార్లు చేయాలి. మూడుసార్లూ ఊహతోనే కుదిరే అవకాశం 27లో ఒకటి. పట్టుకోలేకపోతే రెండింట్లో చవకది కొనుక్కోండి. పేరున్న సీసాల మధ్య కూడా ఇది చాలాసార్లు జరుగుతుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఏది ఎవరికి

సోడాతో తాగేవాళ్లకు పొగ కావాలి. 30 మి.లీ. విస్కీలో 90 మి.లీ. సోడా పోస్తే గ్లాసులో ఆల్కహాల్ 10 శాతమే మిగులుతుంది. ఆ స్థితిలో తేనె, వెనిలా, ఎండుద్రాక్ష లాంటి మెత్తటి రుచులన్నీ మాయమవుతాయి. నిలబడేవి పొగ, మిరియాల ఘాటు, నిమ్మతొక్క లాంటి పుల్లటి వాసన. సోడాలోని పులుపు చేదును కూడా ఎత్తి చూపిస్తుంది, అందుకే ఓక్ చేదు ఎక్కువున్న సీసా సోడాలో బాగోదు. జానీ వాకర్ రెడ్ లేబుల్ ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. 1909 నుంచి ఈ పేరుతో వస్తున్న ఆ బ్లెండ్‌ని కంపెనీ కూడా కలుపుకుని తాగే విస్కీగానే ప్రచారం చేస్తుంది. ఏమీ కలపకుండా తాగితే కరుకు, చివరి రుచి పొట్టి. కానీ ఆ కరుకే సోడాలో నడ్డి విరగకుండా నిలబడుతుంది.

టీచర్స్ హైలాండ్ క్రీమ్ ఇంకో మెట్టు పైన. దాని గుండెకాయ ఆర్డ్‌మోర్, పీట్ పొగ పట్టిన బార్లీతో కాచే హైలాండ్ డిస్టిలరీ. పొగకి తోడు మాల్ట్ చిక్కదనం ఉండటంతో సోడాలోనూ, నీళ్లలోనూ పనికొచ్చే అరుదైన చవక సీసాల్లో ఇదొకటి. పొగంటే గిట్టనివాళ్లు మాత్రం దీన్ని మొదటి గుక్కకే పక్కన పెడతారు. వైట్ హార్స్‌లో ఐలా దీవి లాగవులిన్ మాల్ట్ పాత్ర చరిత్రలో భాగం, పీటర్ మాకీ కాలం నుంచీ ఉన్న సంబంధం అది. ఆ పేరు చూసి లాగవులిన్ పొగంతా ఈ సీసాలో ఉంటుందని ఆశపడొద్దు. ఉన్నది లేత పొగ, కొంచెం తేనె. సోడాలో రెడ్ లేబుల్ కంటే మెత్తగా ఉంటుంది.

రెండు మూడు చెంచాల నీళ్లతో తాగేవాళ్లు పొగ కంటే తీపినీ, చిక్కదనాన్నీ వెతకాలి. ది ఫేమస్ గ్రౌజ్ ఇక్కడ ముందుంటుంది. పెర్త్‌కి చెందిన మాథ్యూ గ్లోగ్ 1896లో మొదలుపెట్టిన ఈ బ్లెండ్‌లో బిస్కెట్ లాంటి మాల్ట్ రుచి, ఎండుద్రాక్ష తీపి కనబడతాయి. నీళ్లు పోశాక కూడా అవి చెదరవు. సోడాలో పోస్తే మాత్రం చప్పబడుతుంది. డ్యూవర్స్ వైట్ లేబుల్ తేనె, బేరిపండు వైపు ఉంటుంది. ఎబర్‌ఫెల్డీ మాల్ట్ తేనెదనమే అందుకు కారణం. కలిపాక బ్లెండ్‌ని మళ్లీ ఓక్ పీపాల్లో పెట్టి కలవనిచ్చే పద్ధతి ఆ కంపెనీకి చాలా పాతది, ఆ మెత్తదనం నోటికి తెలుస్తుంది. బలం తక్కువ, నిదానం ఎక్కువ. బ్యాలంటైన్స్ ఫైనెస్ట్‌లో గ్లెన్‌బర్గీ, మిల్టన్‌డఫ్ మాల్ట్‌లు ముఖ్యం. ఎర్ర యాపిల్, పాల చాక్లెట్, వెనిలా. మొదటిసారి స్కాచ్ తాగేవాళ్లకు ఇవ్వడానికి ఈ జాబితాలో మా ఓటు దీనికే. ఎక్కడా గుచ్చుకోదు, గట్టిగా గుర్తుండిపోదు కూడా.

ఐస్ వేసుకునేవాళ్ల లెక్క వేరు. చలికి వాసన ముడుచుకుపోతుంది, తీపి మొద్దుబారుతుంది, చేదు మాత్రం అలాగే ఉంటుంది. పచ్చి గ్రెయిన్ మంట కూడా చలిలో తగ్గుతుంది, అది లాభం. కాబట్టి చేదు తక్కువగా, తీపి కాస్త ఎక్కువగా ఉన్నది తీసుకోవాలి. గ్రాంట్స్ ట్రిపుల్ వుడ్ ఈ పనికి బాగుంటుంది. కొత్త ఓక్, అమెరికన్ ఓక్, ఇంతకుముందు బోర్బన్ అనే అమెరికా విస్కీ ఊరిన పీపాలు మూడూ వాడటంతో వెనిలా తీపి, లవంగం లాంటి చెక్క ఘాటు ఉంటాయి, ఐస్ వాటిని పూర్తిగా చంపలేదు. కంపెనీకి 1963 నుంచి గిర్వన్‌లో సొంత గ్రెయిన్ డిస్టిలరీ ఉంది. అక్కడి గ్రెయిన్ మెత్తదనం గ్రాంట్స్‌కి పెద్ద బలం. ఐస్ ముక్కలు చిన్నవి నాలుగు కాకుండా పెద్దది ఒకటి వేయాలి. చిన్నవి తొందరగా కరిగి, పది నిమిషాల్లో విస్కీని రంగునీళ్లు చేస్తాయి.

తేలికైనవాటిలో జె అండ్ బి రేర్, కటీ సార్క్, బ్లాక్ అండ్ వైట్, వాట్ 69 ఒక గుంపు. లేత రంగు, గడ్డి వాసన, సన్నటి తీపి. పొడవాటి గ్లాసులో జింజర్ ఏల్‌తో (అల్లం రుచి తీపి సోడా) హాయిగా ఉంటాయి. ఏమీ కలపకుండా తాగి వీటిని తిట్టడం అన్యాయం.

ఉత్తగా తాగేవాళ్ల సంగతి ఇప్పుడు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఈ ధరలో ఏమీ కలపకుండా తాగడానికి బాగున్నవి తక్కువ. టీచర్స్, గ్రౌజ్ పరవాలేదు. అంతకంటే కావాలంటే వయసు చెప్పే 12 ఏళ్ల బ్లెండ్‌కి ఒక మెట్టు ఎక్కడమే దారి. ఆ తేడా చూడటానికి జానీ వాకర్‌లోనే రెడ్, బ్లాక్ లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోతుంది. బ్లాక్‌లో అన్నిటికంటే చిన్న విస్కీ కూడా 12 ఏళ్లది. పొగ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు గానీ, అసలు మార్పు గ్రెయిన్‌లో ఉంది. నెయిల్ పాలిష్ వాసన పోయి వెనిలా వచ్చింది, నాలుక మధ్యలో ఖాళీ పూడింది, చివరి రుచి రెండింతలు నిలుస్తుంది. అయితే ఆ రెండింటినీ 90 మి.లీ. సోడాలో పోసి కళ్లు మూసుకుని తాగిస్తే తేడా బాగా సన్నబడుతుంది. సోడా మనిషి బ్లాక్ లేబుల్‌కి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు. ఉత్తగా తాగే మనిషి రెడ్ లేబుల్‌తో ఆదా చేయడంలోనూ అర్థం లేదు.

ఒకే ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా తాగితే మధ్యరకం సీసా ఒకటి కొనడం కంటే, సోడాకి పొగది ఒకటి, నీళ్లకి తీపిది ఒకటి కొనడం మంచిది. ఒక్కటే కొనాలనుకుంటే టీచర్స్. ఇద్దరిలో ఒకరికి పొగ పడకపోతే గ్రౌజ్.

మూత తీశాక

చవక బ్లెండ్‌లకు ఎక్కువగా లోహపు మరమూత ఉంటుంది, సింగిల్ మాల్ట్‌లలో అప్పుడప్పుడు ఎదురయ్యే బూజుపట్టిన బిరడా వాసన బెడద ఇక్కడ దాదాపు లేదు. సీసాను నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే 40 శాతం ఆల్కహాల్ మూత లోపలి పొరను తింటుంది. ఎండ తగిలే చోట రంగు వెలిసిపోతుంది, వాసన కూడా పాడవుతుంది. సగానికి పైగా ఉన్నప్పుడు నెలల తరబడి మార్పు తెలియదు. పావు వంతుకు దిగాక సీసాలో గాలి ఎక్కువై, ముందు పండ్ల వాసన, ఆ తర్వాత తీపి పోతాయి, పొగ చివరిదాకా ఉంటుంది. తేలికపాటి బ్లెండ్ అడుగు మిగిలితే రెండు నెలల్లో ముగించేయడమో, చిన్న సీసాలోకి మూతిదాకా నింపి పెట్టుకోవడమో చేయాలి. పాత అడుగు సీసాని కొత్త సీసాతో పోల్చి 'ఈ బ్రాండు మారిపోయింది' అనడం కూడా తరచూ వినబడుతుంది. పోలిక కోసం పెట్టే మూడు సీసాలూ దాదాపు ఒకేసారి తెరిచినవి, ఒకే మట్టం వరకు ఉన్నవి కావాలి.